ఖాళీ బిందెతోని ఎదురువోయిన పొద్దు

నాకు సంతకం పెట్టుడు తప్ప రాసుడు రాదు. నేను చెప్తాంటే మా బడిల తెలుగు చెప్పే టీచరమ్మ రాస్తాంది. "జర సాపు చేసి రాద్దునా అవ్వా?" అని అడిగింది. నా గొంతే గరుకు బిడ్డా, మాట సాపుగ యాడికెళ్లి వస్తది, ఎట్ల వస్తే అట్లనే రాయి అన్న.

జనగామ దాటినంక రోడ్డు మీదనే ఒక పెద్ద బడి ఉన్నది. బోర్డు మీద ఇంటర్నేషనల్ అని రాసి ఉంటదట. బడి ఎనుక టీచర్లు ఉండేటందుకు ఆరు క్వార్టర్లు కట్టిండ్రు. వాటి పక్కన రేకుల అర్ర ఒకటి, అండ్ల నేనుంట. కొత్తగ వచ్చిన టీచర్లు కుదురుకునేదాక చూసుకునుడు నా పని. దీనికి ఏదో ఇంగ్లీషు పేరున్నదట. నాకు తెల్వదు.

పని అంటే ఏంది? మంచమేసి దుప్పటి పరుస్త. నీళ్ల గోలెం నింపిపెడత. నల్లా ఏ పొద్దుకు వస్తదో, కరెంటు పోతే ఏ బటన్ ఒత్తాలెనో, కోతులు వస్తే ముందుగాల ఏ కిటికీ మూయాలెనో చూపిస్త. వాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకు రాదు. చేసి చూపిచ్చుడే. నేను గ్యాసు ముట్టిస్త, వాళ్లు చూస్తరు. మల్ల ఆర్పి లైటర్ వాళ్ల చేతిల పెడత. కేరళ నుంచి వచ్చిన పిల్లలు, మంచుకొండల దిక్కు నుంచి వచ్చిన పిల్లలు, అందరు నా చేతుల మీదనే కుదురుకున్నరు. వారానికి నవ్వుతరు. పదిహేను దినాలకు "అవ్వా, తొక్కు" అనుకుంట గిన్నె పట్టుకొని వస్తరు. మన మాటల ఒక్కటే నేర్చుకుంటే అది తొక్కే.

తర్వాత మా పెద్దసారు వేరే దేశం టీచర్లను తెప్పిచ్చుడు షురూ చేసిండు. బడి ఆయనదే. ఇక్కడి భూములున్న కుటుంబం. "బోర్డు మీద గంత పెద్ద పేరు పెట్టినంక అటు దిక్కోళ్లు ఒక్కలన్న లేకపోతే ఎట్లనే అవ్వా" అన్నడు. నిజమే. మా తల్లిగారి గూడూరు దిక్కోళ్లు దుబాయి పోతరు, మస్కట్ పోతరు, వచ్చి అక్కడి సంగతులు చెప్తరు. గని మన జనగామనే ఒకలకు పరాయి దేశమైతదని నేను ఎన్నడనుకోలే. హైదరాబాదుల విమానం దిగి, వ్యానెక్కి, వచ్చి నా రేకుల అర్ర ముంగట దిగుతరు. దిగి నాలుగు దిక్కులు చూస్తరు. ఎవరిని చూడాలెనో తెల్వని చూపు అది. ఆ చూపు నాకు ఎరుకే.

నన్ను గూడూరు పక్కపొంటి ఊరి నుంచి తీస్కపోయి భూపాలపల్లి దిక్కు ఘనపూర్ల ఇచ్చిండ్రు. మా ఆయన బొగ్గు లారీ నడిపేది. ఇంటికొస్తే కండ్లు, పండ్లు తప్ప అంత నలుపే. ఒక ఎండకాలం ఛాతిల నొప్పి అన్నడు. దవాఖానకు తీస్కపోయేటాళ్లకే అయిపోయింది. పదోదినం గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచి, మట్టెలు తీసిండ్రు. అది ఒక్క దినం పని. దాని తర్వాత నేర్చుకునే పని ఇంకోటుంటది. అది ఎవ్వరు నేర్పరు. ఇంట్ల నుంచి ఎవరన్న బయటికి పోతాంటే మనం కనపడకుండ మాయమయ్యే పని.

ఒకపారి మా మరిది ఎడ్లు కొనవోతాండు. నేను బర్రెకు గడ్డేసి అటుకెళ్లి ఇటు వస్తాన. ఎదురుపడ్డం. ఆయన ఎనుకకు తిరిగొచ్చి, కాళ్లు కడుక్కొని, అరుగు మీద అరగంట కూసొని, నీళ్లు తాగి మల్ల పోయిండు. ఆ అరగంట నేను గడ్డివాము ఎనుకనే నిలబడ్డ. ఆన్నుంచి నాకు చెవులే కండ్లైనయి. చెప్పులు తొడిగిన చప్పుడు అయితే చాలు, నా కాళ్లు వాటంతటవే ఇంటెనుకకు పోతయి.

పని దొరికి జనగామ బడికి వచ్చినంక గూడ గంతే. బడికి మొదటిపారి వేరే దేశం టీచర్ వచ్చిన్నాడు మా సారు తల్లి, పటేలమ్మ, హారతి పళ్లెం పట్టుకొని గేటు కాడ కుర్చీల కూసున్నది. నేను పూలదండ పట్టుకొని నిలబడ్డ. నన్ను చూసి, "ఏమే, సముద్రాలు దాటి వచ్చినోళ్లకు ముందుగాల నీ మొఖమేనా చూపెట్టేది?" అన్నది. తిట్టినట్టు అనలే, ఉప్పు తక్కువైందన్నట్టు అన్నది. నేను దండ వాచ్‌మెన్ చేతిల పెట్టి ఎనుకకు పోయిన. ఆనాటి సంది వేరే దేశమోళ్ల కాడ ఇంకింత జాగ్రత్తగ ఉన్న. మన దేశపోళ్లంటే ఆరుగురు గుంపుగ పోతరు, నేనున్ననో లేనో చూసుకోరు. వీళ్లు ఒంటిగ వచ్చినోళ్లు, దేవుడు తప్ప దిక్కు లేనోళ్లు. నా వల్ల వాళ్లకు కీడు కావద్దు గద.

మొదట వచ్చినాయన పన్నెండు దినాలకే పోయిండు. రెండోపారి వచ్చినామె నెల కాకముందే పోయింది. ఇద్దరికి నా అర్ర పక్కన ఉన్న చివరి క్వార్టరే ఇచ్చిండ్రు. ఎందుకు పోయిండ్రో మాకు తెల్వలే. ఎండ అన్నరు, నీళ్లన్నరు. పోయినేడు జూన్ల మూడో ఆమె వస్తాందనంగ పెద్దసారు నన్ను పిలిచిండు.

"అవ్వా, ఆఫ్రికా నుంచి వస్తాంది. కెన్యా. దసరా దాక ఈమె నిలబడాలె. ఈమె గూడ పోతే ఈ కథ ఇంక బంద్. క్వార్టర్లు మూసేస్త. నీకు గూడ ఇక్కడ పనుండదు, చెప్తాన."

"నిలబెడత సారు" అన్న. అన్నంక పరేషానైంది. మనిషిని నిలబెట్టుడంటే ఏమన్న గుంజనా, పాతిపెట్టేటందుకు?

ఆమె వచ్చింది. పొడుగు మనిషి. జుట్టంత సన్నసన్నగ అల్లి నెత్తి మీద గట్టిగ ముడిచింది. వ్యాను దిగేటప్పుడు నేను గోడ చాటుకే ఉన్న. మాపటికి పోయి తలుపు కొట్టిన. నన్ను చూసి రెండు చేతులు పట్టుకున్నది. ఫోను తీసి అండ్ల ఏదో చెప్పింది. ఫోను తెలుగుల మాట్లాడింది. "మిమ్మల్ని కలవడం చాలా సంతోషంగా ఉందండి" అన్నది ఫోను. అచ్చం సినిమాలల్ల హీరోయిన్ తల్లి లెక్క. నేనన్న: "సల్లగుండు బిడ్డా, జర బువ్వ తిందువు రా." ఫోనుకు నా మాట ఎక్కలే. మల్ల అన్న. మల్ల ఎక్కలే. అన్నేండ్లు సినిమాలల్ల మా మాటను నవ్వులాటకే వాడిండ్రు, ఇప్పుడు ఫోను గూడ అటు దిక్కే పుట్టినట్టున్నది అనుకున్న. చెయ్యితోని తినే సైగ చేస్తే ఆమెకు అర్థమైంది.

మూడు దినాలు బాగనే ఉన్నట్టనిపిచ్చింది. నాలుగో దినం సంది ఆమె కండ్లు ఉబ్బి ఉంటున్నయి. నాకు సమజ్ కాలే. ఏం తక్కువైంది?

బువ్వ తింటలేదు, కారమేమో అనుకున్న. కారం తీసేసిన. పప్పుల ఉప్పు తప్ప ఏం వెయ్యలే. అది గూడ సగం పెట్టింది.

మంచమేమో అనుకున్న. చూస్తే తలకాయ ఉత్తరం దిక్కున్నది. ఉత్తరం దిక్కు తల పెట్టి పంటే మనసు నిమ్మలముంటదా? ఆమె బడికి పోయినంక మంచం తిప్పిపెట్టిన. మాపటికి ఆమె వచ్చి మల్ల ఎప్పటిలెక్క జరుపుకున్నది. తెల్లారి నేను మల్ల తిప్పిన. మూడు దినాలు గిట్లనే. నాలుగో దినం ఆమె మంచానికి నాలుగు దిక్కుల తిరిగి, నా దిక్కు చూసి, చేతులు చాపి ఏందిది అన్నట్టు అడిగింది. నేను ఏమని చెప్పాలె? నవ్విన.

దిష్టేమో అనుకున్న. బజారుకు పోతే జనం ఆగి ఆగి చూస్తున్నరు, ఫోటోలు గుంజుతున్నరు, తగలదా మరి? ఎండు మిరపకాయలు, ఉప్పు పట్టుకొని పోయి ఆమె నెత్తి చుట్టు మూడు చుట్లు తిప్పి, వంటింట్ల పొయ్యిల వేసిన. పొగ లేచింది. ఆమె దగ్గుకుంట ఉరికొచ్చి, ఇల్లంటుకున్నదనుకొని నా రెక్క పట్టి బయటికి గుంజి, లోపలికి పోయి బకీటెడు నీళ్లు పొయ్యి మీద కుమ్మరిచ్చింది. ఇద్దరం వాకిట్ల నిలబడి దగ్గుడే దగ్గుడు. దగ్గి దగ్గి ఆమె నవ్వింది. నేను గూడ నవ్విన. సరే, దిష్టి పోయింది అనుకున్న. తెల్లారి చూస్తే మల్ల కండ్లు ఎర్రగున్నయి.

ఒకనాడు మాపటికి నా కోసం నేను మక్కజొన్న రవ్వ ఉడకేసి గటుక వండుకున్న. పంటి నొప్పి ఉండె, గటుక అయితే నమలే పని లేదని. ఆమె వాసనకో ఏమో రేకుల అర్రల తల పెట్టింది. గిన్నెల చూసింది. అడుగకుండనే పీట మీద కూసొని, గటుక చేతిలకు తీస్కొని, ముద్ద చేసి, ముద్దల బొటనవేలితోని గుంట పెట్టి, ఆ గుంటల గోంగూర తొక్కు ఎత్తుకొని నోట్ల పెట్టుకున్నది. ఎవ్వరు చూపియ్యలే, చెయ్యికి తెలుసు. నాకు ఆశ్చర్యమైంది. ఆమె కండ్లల్ల నీళ్లు. ఫోను అన్నది: "ఇది మా ఇంట్లో రోజూ తినే భోజనం అండి."

"తిను తల్లీ, తిను. కుండెడున్నది" అన్న.

ఆ రాతిరి కుండ ఖాళీ. పోయేటప్పుడు నన్ను అలుముకొని పోయింది. ఇంక ఈమె దసరా కాదు, మల్ల దసరా దాక ఉంటది, పెద్దసారుకు పొద్దుగాల్నే చెప్పాలె అనుకున్న.

పొద్దుగాల ఏడింటికి ఎప్పటి లెక్కనే ఆమె తలుపు చప్పుడైంది. నేను వాకిలి ఊడుస్తాన. ఎప్పటి లెక్కనే చీపురు పక్కన పడేసి గోలెం ఎనుక కూసొని, కొంగు మొఖం మీదికి గుంజుకున్న. "గుడ్ మార్నింగ్" అన్నది. పోయేటోళ్లను ఎనుక నుంచి పలకరియ్యద్దు, నేను పలుకలే. ఆమె ఆగింది. చెప్పులు ఆగిన చప్పుడు ఇన్న. గోలెం ఎనుక మొఖం గోడ దిక్కు తిప్పుకున్న. జరసేపటికి చెప్పులు పోయినయి. ఆనాడు పగలంత ఆమె బడిల ఎవరితోని మాట్లాడలేదట.

నాకేం అర్థమైతలేదు. మాపటికి నవ్వుతది, పొద్దుగాల ఏడుస్తది. మాపటికి అలుముకుంటది, తెల్లారి మొఖం ముడుసుకుంటది. ఒక్క మనిషేనా, ఇద్దరా? ఆమెకు వాళ్ల దేశంల పొద్దు ఎనుకముందు ఉంటదట, అందుకే పొద్దుగాల బాధ, మాపటికి సంతోషం వస్తదేమో అని గూడ అనుకున్న. ఇప్పుడు చెప్తాంటే సిగ్గైతాంది.

నెల నిండలే. పెద్దసారు మాపటీలి ఉరికొచ్చిండు.

"పోతనంటాంది అవ్వా! పొద్దుగాల ఆరింటికి వ్యాను కావాల్నట. కారణం అడిగితే, నేను ఇక్కడ ఎవరికి అక్కరలేదు అంటాంది. నువ్వేం చేసినవే?"

"గటుక పెట్టిన సారు."

"గటుకనా! దేశం కాని దేశం నుంచి టీచరును తెప్పిస్తే గటుక పెడతవా?"

"కుండెడు తిన్నది సారు."

"కుండెడు తిన్నామె ఎందుకు పోతది?"

"నేను గూడ అదే అడుగుతాన" అన్న. ఆయన నెత్తి పట్టుకున్నడు. ఆయనకు గూడ సమజ్ కాలే, నాకు గూడ కాలే. "అయిపాయె. పోనీ. నువ్వు గూడ నీ సామాను చూసుకో" అని పోయిండు.

తెల్లారి చినుకులు పడి ఆగినయి. వ్యాను వచ్చి చివరి క్వార్టర్ ముంగట నిలబడ్డది. డ్రైవరు మా గూడూరు దిక్కు తండా పిలగాడే, ఇద్దరు బిడ్డల తండ్రి. వ్యాను ముంగట నిమ్మకాయ, మిరపకాయలు లేకుంటే తాళం చెవి ముట్టడు. ఆమె పెట్టెల చక్రాలు గడప దిగిన చప్పుడైంది. నా కాళ్లు అప్పటికే గోలెం ఎనుకకు పోయినయి. అలవాటు గద. కూసున్న. కొంగు గుంజుకున్న. పెట్టెలు ఎక్కిచ్చిండు. తలుపు పడ్డది. ఇంజన్ మోగింది.

అప్పుడు నాకొకటి తోచింది. ఎట్ల తోచిందో తెల్వదు. పోయే మనిషిని ఎట్ల ఆపాలె, ఎట్ల ఆపాలె అని ఇన్ని దినాలు బువ్వల ఎతికిన, మంచంల ఎతికిన, మిరపకాయలల్ల ఎతికిన. ఎవ్వరి పయనమన్న ఆపే ఒక్క మందు ఈ లోకంల ఉన్నది. అది నేనే. మా మరిది ఎడ్ల బేరం అరగంట ఆపిన. నా కన్న పెద్ద అపశకునం ఈ జనగామల ఎవరున్నరు?

పక్కన బిందె కనపడ్డది. ఖాళీది. అది గూడ చంకల పెట్టుకున్న. గోలెం ఎనుక నుంచి లేచి, కొంగు నెత్తి మీది నుంచి తీసేసి, వ్యానుకు ఎదురుంగ నడిచిన. నా పెండ్లిల గూడ అంత నిటారుగ నడువలే.

బ్రేకు పడ్డది. వ్యాను నా మోకాళ్ల ముంగట ఆగింది. డ్రైవరు తలకాయ బయటికి పెట్టిండు.

"అవ్వా! ఏందే గిది, పొద్దుపొద్దుగాల!"

"ఎదురొచ్చిన."

"కనపడతాంది! ఖాళీ బిందె గూడ తెచ్చినవా? నువ్వొక్కదానివి సరిపోవా, దానికి తోడు బిందె కావాల్నా?"

"సరిపోతనో సరిపోనో అని తెచ్చిన."

ఇంజన్ బంద్ చేసిండు. దిగి, చెప్పులిడిచి, నల్లా కాడ కాళ్లు కడుక్కున్నడు. "నేను పోను. హైదరాబాదు దాక పెద్ద రోడ్డు. అరగంట కూసుంట. సారు తిడితే తిట్టనీ" అని గడప మీద కూసున్నడు. నాకు గూడ అరగంటనే కావాలె. అరగంటల ఏం చేస్తనో మాత్రం నాకు తెల్వదు.

కెన్యా టీచరమ్మ దిగింది. గడియారం చూపెట్టి డ్రైవరును అడుగుతాంది. ఆయనకు నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చు. ముందు టైరన్నడు. ఆమె నాలుగు టైర్లు తిరిగి చూసింది. తర్వాత ఛాయ్ అన్నడు. ఆమె ఒప్పుకోలే. ఇంక తప్పదని నా దిక్కు తిరిగి, "అవ్వా, ఏమనుకోకు, చెప్పాల్సొస్తాంది" అన్నడు.

"చెప్పు కొడుకా. ఉన్నదే గద."

నన్ను చూపెట్టి చెప్పిండు. ఈమెకు మొగడు లేడు. పొద్దుగాల్నే ఈమె మొఖం చూడద్దు. ఎటన్న పోయేటప్పుడు ఈమె ఎదురు రావద్దు. వస్తే మంచిది కాదు, పయనం బంద్. ఆయన ఇంగ్లీషుల నాలుగే ముక్కలు, మిగిలినదంత చేతులతోని చెప్పిండు. ఆ చేతులతోని చెప్పింది నాకు గూడ మంచిగ అర్థమైంది. ఇన్నేండ్లు అందరు చేసిండ్రు గని, నా ముంగట నిలబడి ఒకలకు విప్పి చెప్పుడు ఎన్నడు ఇనలే. నా సంగతి కాదు, ఇంకెవరి సంగతో ఇన్నట్టుండె.

టీచరమ్మకు కోపమొచ్చింది. ఏలు చూపెట్టి డ్రైవరు మీద గయ్యిమన్నది. నన్ను తిట్టిండనుకున్నది పాపం. "నేను అంటలేను టీచరమ్మా, మా దేశమే అంటది" అని ఆయన తెలుగులనే మొత్తుకున్నడు.

అరిచి అరిచి ఆమె ఆగింది. నన్ను చూసింది. గోలెం దిక్కు చూసింది. నడుచుకుంట పోయి గోలెం ఎనుక, నేను రోజూ కూసునే జాగల, అంత పొడుగు మనిషి ముడుసుకొని కూసున్నది. అక్కడినుంచి తన తలుపు దిక్కు చూసింది. మల్ల గోడ దిక్కు మొఖం తిప్పింది. మల్ల తలుపు చూసింది. డ్రైవరు నన్ను అడిగిండు, "ఈమె ఏం చేస్తాందే?" "నాకేం తెల్వదు" అన్న.

అక్కడనే కూసొని ఫోనుల చెప్పింది. ఫోను అడిగింది: "మీరు రోజూ ఇక్కడ దాక్కున్నది నా మంచి కోసమా?"

"నీ మంచికే బిడ్డా" అన్న. ఎన్నడు లేంది ఈపారి ఫోనుకు నా మాట ఎక్కింది.

ఆమె ఫోనుల తన గోస చెప్పుకున్నది. తర్వాత ఫోను చెప్పుకుంట పోయింది, నేను ఇనుకుంట పోయిన. బజార్ల జనం చూసిండ్రు, ఓర్చుకున్న. పిల్లలు జుట్టు పట్టి గుంజిండ్రు, పిల్లలే గద అనుకున్న. గని పొద్దున్నే తలుపు తీస్తే ముందుగ కనపడే ఒక్క మనిషి, నన్ను చూసుకునేటందుకే పెట్టిన మనిషి, నన్ను చూడంగనే మొఖం గోడకు తిప్పుకుంటది. సాయంత్రం నా మీద జాలిపడి తిండి పెడుతుంది, పొద్దున నా నల్లటి ముఖం చూడలేకపోతుంది అనుకున్నాను. ఫోను గిట్లనే అన్నది.

"నలుపా?" అన్న. "నీ మొఖం నేను చూడలేకనా? ఓ పిచ్చి తల్లీ, నా మొఖం నువ్వు చూడద్దని!" నా చెయ్యి తీసి ఆమె చెయ్యి పక్కన పెట్టిన. "చూడు, నేనేమన్న తెల్లగున్ననా? మా ఆయన బొగ్గు లారీ. అంత నలుపు చూసినదాన్ని." ఆమెదే జర ఎక్కువున్నది, అది వేరే సంగతి.

ఆమె నవ్వుకుంట ఏడ్చింది. ఏడ్చుకుంట ఇంకోటి చెప్పింది. వాళ్లమ్మకు గూడ మొగడు లేడట. ఈమె దేశం దాటి వచ్చేనాడు వాళ్లమ్మనే అందరికన్న ముందు ఎదురుంగ నిలబడి, నెత్తి మీద చెయ్యి పెట్టి, దీవించి పంపిందట.

నాకు మల్ల పరేషాన్.

"ముండమోపి ఎదురుంగ నిలబడితే మరి విమానం లేచిందా?" అని అడిగిన.

ఫోను ఆ మాట ఎట్ల చెప్పిందో ఏమో, ఆమె రెండు చేతులు రెక్కల లెక్క చాపి, లేచిందని చూపెట్టింది.

డ్రైవరు గడప మీదికెళ్లి, "వాళ్ల శకునాలు వేరే ఉంటయేమో అవ్వా" అన్నడు. నాకు గూడ గట్లనే అనిపిచ్చింది. ఒక్కటే మొఖం ఒక దేశంల దీవెన, ఒక దేశంల కీడు ఎట్లైతది? అదేమన్న పైసనా, సరిహద్దు దాటితే చెల్లకపోయేటందుకు?

"అరగంటైంది. పోదునా?" అని డ్రైవరు లేచిండు.

ఆమె వ్యాను దిక్కు చూసింది. పెట్టెల దిక్కు చూసింది. నా దిక్కు తిరిగి, "అవ్వా, గటుక" అన్నది.

పెద్దసారు కారేసుకొని వచ్చేటాళ్లకు ఆమె నా అర్ర గడప మీద కూసొని తింటాంది. డ్రైవరు గూడ తింటాండు.

"ఏందిరా, బండి ఇంక కదలలే?"

"అవ్వ ఎదురొచ్చింది సారు."

పెద్దసారు నన్ను చూసిండు, ఆమెను చూసిండు, గిన్నెను చూసిండు. "మంచిగ ఎదురొచ్చినవే" అన్నడు. ఆ మాట ఎవరన్న ఎవ్వరితోనన్న అన్నరా ఈ భూమ్మీద? నాకైతే తెల్వదు.

ఆ దసరా పోయింది, ఇంకో దసరా వస్తాంది. ఆమె ఉన్నది, క్వార్టర్లున్నయి, నేనున్న. ఇప్పుడు ఆమెదొక్కటే షరతు. పొద్దుగాల ఏడింటికి తలుపు తీసేటప్పటికి నేను ఎదురుంగ ఉండాలె, మొఖం చూడాలె, గుడ్ మార్నింగ్ అనాలె. ఉంటున్న. గని మనసుల పీకుడు పోతలేదు. మొదటి వారంలనే బడి వ్యాను చౌరస్తల పంచరైంది. డ్రైవరు వచ్చి నన్ను ఒక చూపు చూసిండు. చలికాలం ఆమెకు జొరమొస్తే మూడు దినాలు నాకు బువ్వ దిగలే. ఆమెకు ఆ సంగతి చెప్తే నెత్తి మీద మొట్టింది. మొన్న కొత్తగ ఇద్దరు టీచర్లు వస్తే నన్ను రెక్క పట్టి గేటు కాడికి గుంజుకపోయింది. పటేలమ్మ హారతి పళ్లెం పట్టుకొని చూసుకుంట కూసున్నది. ఆ ఇద్దరు పోయిండ్రా అంటే పోలేదు. మరి ముందు పోయిన ఆ ఇద్దరు నేను గోడకు తిరుగుడు చూసే పోయిండ్రా? ఎవరిని అడగాలె?

పోయిన నెల ఒక శనివారం గూడూరు దిక్కు మా తమ్ముని బిడ్డ లగ్గానికి పోయిన. తలంబ్రాల టైముకు నేను ఇంటెనుక గోలేలు కడుగుతాన. ఎవ్వరు పొమ్మనలే. కాళ్లే పోయినయి. సోమవారం పొద్దుగాల మల్ల జనగామల ఆమె తలుపు ముంగట నిటారుగ నిలబడ్డ. శనివారం మొఖం వేరే, సోమవారం మొఖం వేరేనా నాది?

అందుకే ఒకటి చేస్తున్న. ఆమెకు చెప్పలే, ఈ రాసే టీచరమ్మకు గూడ ఇప్పుడే చెప్తాన. రోజూ ఏడింటికి ఎదురుంగ నిలబడేటప్పుడు చంకల నిండు బిందె పెట్టుకుంట. నిండు బిందె ఎదురొస్తే మంచిది గద. నా కీడేమన్న ఉంటే అది కొట్టేస్తదని. ఆమె ఆ నీళ్లు మొక్కలకు తెచ్చిననుకొని, బిందె గుంజుకొని తన గడప ముంగటి గులాబికి పోసి, నవ్వుకుంట బడికి పోతది. గులాబి ఏపుగ పెరిగింది.

ఇప్పుడు మోకాళ్లు గుంజుతున్నయి, నిండు బిందె లేపుడు కష్టమైతాంది. సగం నింపుదామనుకుంటాన. గని ఖాళీ బిందె సంగతి తెలుసు, నిండు బిందె సంగతి తెలుసు. సగం బిందె ఎదురొస్తే ఏమైతదో ఎవ్వరు చెప్తలేరు.